ముందే నింపిపెట్టిన గడి

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు కలిసినప్పుడల్లా, మీ సర్వీసులో గొప్ప కేసు ఒకటి చెప్పండి సార్ అంటారు. గొప్ప కేసులన్నీ డాక్టర్లవి. మా టెక్నీషియన్లకు మిగిలేవి తప్పులే. ముప్ఫై ఏళ్లకు పైగా మైక్రోస్కోపులో కన్ను పెట్టి బతికినవాణ్ని కాబట్టి నా దగ్గర అవి బాగానే పోగయ్యాయి. వాటిలో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చేది ఒకటుంది. రేపు మీరు కూర్చోబోయేదీ అలాంటి కుర్చీలోనే కనుక దాన్నే చెబుతాను.

రిటైరయ్యే ముందు చివరి కొన్నేళ్లు వరంగల్‌లో, పిల్లలు లేని దంపతులకు వైద్యం చేసే ఒక ఆసుపత్రిలో పనిచేశాను. మగవాళ్ల వీర్యపరీక్ష నా పని. కణాలు ఎన్ని ఉన్నాయి, ఎన్ని చురుగ్గా కదులుతున్నాయి, ఎన్ని బతికి ఉన్నాయి అని చూసి, ఫారం మీద రాసి, డాక్టర్ మేడం గదికి పంపాలి. ఆ ఫారంలో పేరు, వయసు తర్వాత ఒక చిన్న గడి ఉంటుంది. భార్యతో కలిసి ఎన్ని రోజులైంది అని అందులో రాయాలి. రెండు రోజులకూ ఏడు రోజులకూ మధ్య ఉంటే పరీక్ష నమ్మదగ్గది. మరీ దగ్గరైతే లెక్క తగ్గి కనిపిస్తుంది. మరీ ఎక్కువ రోజులైతే లెక్క ఘనంగానే ఉంటుంది కానీ వాటిలో చాలా భాగం నీరసించి, చచ్చి ఉంటాయి. కాబట్టి ఆ గడిలో ఉన్న అంకె సరైనది కాకపోతే కింద ఉన్న అంకెలన్నీ దండగే. ఇదంతా నాకు తెలుసు. ఎవరైనా నిద్రలేపి అడిగినా చెప్పగలను.

నాకు అడగడమే కష్టం. మా కౌంటరు హాలు మధ్యలో, వరుసగా వేసిన కుర్చీలకు ఎదురుగా ఉండేది. చేరిన కొత్తలో అందరినీ అడిగేవాణ్ని. ఒకసారి పరకాల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ని గొంతు తగ్గించి అడిగితే అతను నేల చూశాడు. పక్కనే ఉన్న మామగారు అల్లుడికి సాయం చేద్దామని ముందుకొచ్చి, పోయిన అమాసకు మా ఇంటికాడ్నే ఉండె సార్ అని హాలంతటికీ వినిపించేలా చెప్పాడు. ఆ కుర్రాడు చేతిలో ఉన్న డబ్బా కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత నాకు ఒక సంగతి అర్థమైంది. మూడు రోజులు ఆగి రండి అని మా నర్సమ్మ ఫోన్లో అందరికీ చెబుతుంది కదా, కాబట్టి ఎవరిని అడిగినా మూడు అనే అంటారు. అందరూ ఇచ్చే జవాబు ఒకటే అయినప్పుడు అడిగి అతన్నీ, నన్నూ ఇబ్బంది పెట్టడం దేనికి? పొద్దున్నే చాయ్ తాగుతూ ఆ రోజుకు కావలసిన ఫారాలు ముందేసుకుని, అన్నిటిలో గుండ్రంగా మూడు వేసి పక్కన పెట్టుకునేవాణ్ని. నా ఫారాల్లో ఖాళీలు ఉండవని పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

ఇక అసలు మనుషుల దగ్గరికి వస్తాను. అతను డీసీఎం వ్యాను డ్రైవర్. ఎనుమాముల యార్డు నుంచి మిర్చి, పత్తి నాగ్‌పూర్ దాకా తోలేవాడు. ముప్ఫై దాటి ఒకటి రెండేళ్లు ఉంటాయి. అతని భార్యది పాలకుర్తి పక్క ఊరు. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పెళ్లై ఆరేళ్లు. అందులో నాలుగేళ్లుగా మా ఆసుపత్రికి తిరిగింది ఆమె ఒక్కతే. స్కానింగులు, రక్తపరీక్షలు, నెలనెలా మాత్రలు. ఆమెలో ఏ లోపమూ లేదని మేడం మొదటి ఏడాదే తేల్చేసి, మీ ఆయనను తీసుకురా అని ప్రతి చీటీ మీదా రాస్తూ వచ్చారు. మన దగ్గర పిల్లలు కాకపోతే ముందు ఆడమనిషి ఆసుపత్రికి వస్తుంది, తర్వాత గుళ్లు తిరుగుతుంది. ఆ రెండూ అయ్యాకే మగవాడు కదులుతాడు. ఈ డ్రైవర్ కూడా సీజనని, లోడు ఉందని దాటేస్తూ దాటేస్తూ చివరికి ఒక ఏప్రిల్‌లో వచ్చాడు. సరిగ్గా హనుమాన్ జయంతి మర్నాడు.

ఎలా వచ్చాడో కూడా చెప్పాలి. నున్నటి గుండు, నుదుటి మీద సింధూరం. కౌంటరు దగ్గరికి రాగానే, కొండగట్టు ప్రసాదం సారూ అని లడ్డూ ముక్క నా చేతిలో పెట్టాడు. కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు అంజన్న మాలలో ఉన్నవాడు నిన్ననే కొండ దిగాడని గుండు చెబుతోంది, సింధూరం చెబుతోంది, నా నోట్లో కరుగుతున్న లడ్డూ చెబుతోంది. నేను మాత్రం మూడు అని వేసి ఉన్న ఫారం ఒకటి తీసి, దాని మీద అతని పేరు రాశాను.

మైక్రోస్కోపులో చూస్తే లెక్క బాగానే ఉంది. కదలికలు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. బతికినవాటి కంటే చచ్చినవే ఎక్కువ. మేడం ఆ మూడు రోజులు సెలవులో ఉన్నారు. రిపోర్టు ఆమె వచ్చాక ఆమె చేతుల మీదుగానే ఇవ్వాలి. అది నియమం. కానీ సాయంత్రం అతను లోడుకు పోతూ వచ్చి, ఒక్క ముక్క చెప్పుండ్రి సారూ, నాగ్‌పూర్ దాంక గదే ఫికర్ ఉంటది అన్నాడు. పాపమనిపించింది. కాగితం చేతికిచ్చి, కదలికలు బాగా తక్కువున్నాయి, ఇక కష్టమే తమ్మీ అన్నాను. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు.

నాలుగో రోజు పొద్దున అతని భార్య వచ్చింది. మిషన్ మీద నుంచి లేచి అట్లాగే వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు వేలాడుతోంది. చేతిలో ఆ నాలుగు మడతల కాగితం. నాలుగేళ్లలో ఆమె గొంతెత్తి మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను.

జరిగింది ఇది. డ్రైవర్ ఆ రాత్రి లోడుకు పోకుండా ఇంటికి వెళ్లాడు, భార్యకు మాత్రం ఏమీ చెప్పలేదు. తెల్లారి బండి తీసుకుని అత్తగారి ఊరికి పోయి, అత్తామామల ముందు ఆ కాగితం పెట్టి, లోపం నాలోనే ఉంది, మీ బిడ్డకు ఇంకా వయసు పోలేదు, వేరే సంబంధం చూడండి అని చెప్పాడు. ఆమెను నాలుగేళ్లు గొడ్రాలన్న మాటలు పడనిచ్చినందుకు చేతులు జోడించాడట కూడా. అక్కడి నుంచి అటే లోడుకు పోయి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆమె తండ్రి ఆ కాగితాన్ని మనిషి చేత పంపి, ఆదివారం వచ్చి ఆమెను తీసుకుపోతానని కబురు పెట్టాడు. ఆ రోజు శుక్రవారం.

"నన్ను ఇడిసిపెట్టుమని గీ కాయిదంల యాడ రాసి ఉన్నదో సదివి చెప్పుండ్రి సారూ" అంది.

లోపలికి వచ్చి కూర్చో బిడ్డా, మెల్లగా మాట్లాడుకుందాం అన్నాను. ఆమె కదల్లేదు.

"ఇక్కడ్నే చెప్పుండ్రి. నాలుగేండ్లు నా సంగతులన్ని ఇక్కడ్నే చెప్పిన్రు గదా."

నిజమే. ఆమె నెలసరి తప్పిందా లేదా అని మేము అడిగింది కూడా ఆ కౌంటరు దగ్గరే, ఆ కుర్చీల ముందే. నేను కాగితం విప్పి పై నుంచి చదవడం మొదలుపెట్టాను. పేరు చదివాను, తల ఊపింది. వయసు చదివాను, తల ఊపింది. కలిసి మూడు రోజులైంది అని చదివాను.

"ఎవలు చెప్పిన్రు?"

నా చేయి పక్కన, మూడు అని వేసిపెట్టుకున్న ఆ రోజు ఫారాల దొంతర ఉంది.

"నలభై ఒక్క రోజులు సారూ. మాలల ఉండి కింద పండుకున్నడు, నాతోని చెయ్యి తాకిచ్చుకోలే. గన్ని రోజులు నిష్ఠగ ఉంటె లోపల బలమంత జమైతదని, పరీచ్చల మంచిగ వస్తదని, గుండుతోని సక్కగ ఈడికే వచ్చిండు. మూడు రోజులని మీకు ఎవలు చెప్పిన్రు?"

హాల్లో మూల కుర్చీలో మనవరాలితో వచ్చిన ఒక ముసలమ్మ పక్కున నవ్వింది. ఆ నవ్వు అంటుకుని కుర్చీలన్నీ నవ్వాయి. మా నర్సమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి ఆమె కూడా, కళ్లలో నీళ్లతోనే, నవ్వేసింది. నేనొక్కణ్నే నవ్వలేకపోయాను. ఒక మంచి సంసారం నా చేతిరాత వల్ల ఎల్లుండి విడిపోబోతోంది మరి.

మేడం ఆ పొద్దున్నే సెలవు నుంచి వచ్చారు. ఫారాల దొంతర మొత్తం పట్టుకుని ఆమె గదిలోకి వెళ్లి, టేబుల్ మీద పెట్టి, ఉన్నదంతా చెప్పేశాను. మేడం నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. కోపమొస్తే మీరు అనే మాట ఇంకా మర్యాదగా పలుకుతారు, అది మరీ భయం. కొన్ని ఫారాలు తిప్పి చూసి, ఎన్నాళ్ల నుంచి అని అడిగారు. మీరు చేరకముందు నుంచే అన్నాను. రిపోర్టు చేతికిచ్చి కష్టమని ఎవరు చెప్పారు అన్నారు. అది కూడా నేనే అన్నాను. మేడం కళ్లజోడు తీసి, వరంగల్ జిల్లాలో మగవాళ్లంతా లెక్కపెట్టుకుని సరిగ్గా మూడు రోజులకే వస్తున్నారని ఇన్నేళ్లు నేనెట్లా నమ్మానో అని తనను తానే తిట్టుకున్నారు. ఉద్యోగం పోలేదని అప్పుడు తెలిసింది.

డ్రైవర్ తన భార్య చేసే ఫోన్లు ఎత్తడం లేదు కాబట్టి ఆసుపత్రి నంబరు నుంచి నేనే చేశాను. పరీక్ష తప్పైంది, తప్పు నాది, రేపు ఇద్దరూ రండి అన్నాను. అవతల బండి శబ్దం మధ్య నుంచి, "నిజంగనేనా సారూ, నా మనసు కోసం చెప్తలేరు గదా" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ మేడం ఎదురుగా కూర్చున్నారు. నన్నూ ఉండమన్నారు, శిక్షగానో శిక్షణగానో. మేడం ముందుగా, ఈ రిపోర్టును పక్కన పెట్టండి, దీనితో ఏదీ తేలదు, అయినా ఒక్క పరీక్షతో ఏ మగవాణ్నీ పనికిరాడని చెప్పరు అన్నారు. తర్వాత అడగాల్సినవన్నీ అడిగారు. నెలలో ఎన్ని రోజులు ఇంట్లో ఉంటావు? ఏడెనిమిది. గుట్కా? మాలలో మానేశాడు, కొండ దిగిన సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టాడు. బండిలో ఇంజను వేడి ఎక్కడ తగులుతుంది? సీటు కిందనే మేడం, వేసవిలో కూర్చోలేం. మరి ఆ బిగుతు జీన్సు ప్యాంటు దేనికి? భార్య అతని వైపు ఓరగా చూసింది.

ఎన్ని రోజులకోసారి కలుస్తారు అన్న ప్రశ్నకు ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టింది. సోమవారం శివుడిది. మంగళవారం ఆంజనేయస్వామిది. గురువారం బాబా, శుక్రవారం లక్ష్మీపూజ, శనివారం వెంకన్న. మిగిలేవి బుధ, ఆదివారాలు. బుధవారం ఆయన నాగ్‌పూర్‌లో ఉంటాడు. ఆదివారం ఇంటినిండా చుట్టాలు. అది చాలదన్నట్టు, శక్తిని దాచిపెట్టుకుని ఒకేరోజు ఖర్చు చేస్తేనే పని జరుగుతుందని యార్డులో ఒక పెద్ద డ్రైవర్ బోధ చేశాడు. అందుకని ఆమె ఫోన్లో గర్భం నిలిచే మంచి రోజు చూపించే యాప్ పెట్టుకుంది. నెలంతా ఆగి ఆ ఒక్క రోజు కోసం ఎదురుచూస్తే, ఆ రోజు లోడు తగిలేది, లేదంటే టైరు పగిలేది. ఆరేళ్ల కాపురంలో వాళ్లు పిల్లల కోసం చేసిన ప్రయత్నాలు మేడం కాగితం మీద లెక్కేసి చూస్తే, కొత్తగా పెళ్లైనవాళ్లు కొద్ది నెలల్లో చేసేటన్ని కూడా లేవు.

మేడం పెన్ను పక్కన పెట్టారు. "యార్డుల మిర్చి బస్తాలు దింపి నెలన్నర ఎండల వదిలేస్తే ఏమైతదయ్యా?"

"రంగు పోతది మేడం. ఎవలు ముట్టరు."

"బస్తాలేమన్న తగ్గుతయా?"

"తగ్గయి. లెక్క గంతే ఉంటది."

"నీ రిపోర్టు కూడా గదే. లెక్క గంతే ఉన్నది, రంగు పోయింది. ఆపి పెట్టుకుంటే బలం జమ కాదు. పాతవి పోతుంటేనే కొత్తవి మంచిగ తయారైతయి."

ఇన్నేళ్లు నేను పుస్తకంలో చదివి, మైక్రోస్కోపులో చూసి కూడా ఎవరికీ ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను. అతని ముఖంలో వెలుగు రావడం నేను పక్క నుంచి చూశాను.

తర్వాత మేడం, మాలలో గుట్కా ఎన్ని రోజులు మానేశావు అని అడిగారు. నలభై ఒక్క రోజులు అని గర్వంగా చెప్పాడు. చన్నీళ్ల స్నానం, వదులు బట్టలు, వేళకు తిండి, వేళకు నిద్ర? అన్నీ మాలలోనే. అయితే నీ దీక్ష మంచిదే, తీసిన మర్నాడే పరీక్షకు రావడమే తప్పు, ఇప్పుడు ఇంకో దీక్ష చెయ్యి అన్నారు. మూడు నెలలు. కొత్త కణాలు తయారవడానికి రెండు నెలలకు పైగా పడుతుంది కనుక అంతకు తగ్గితే లాభం లేదు. నియమాలన్నీ పాతవే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ రెండు మూడు రోజులకోసారి, యాప్ చూడకుండా, నెల పొడుగునా. దూరపు లోడ్లు ఆ మూడు నెలలు వేరేవాళ్లకు ఇచ్చి, దగ్గరి తిరుగుడు చూసుకోమన్నారు.

"మరి వారాలెట్ల మేడం?" అంది భార్య.

"పొద్దంత దేవునిదమ్మా. చీకటిపడ్డంక మీది."

డ్రైవర్ ఎంతో శ్రద్ధగా విని, దీనికి కూడా మాల వేసుకోవాల్నా మేడం అని అడిగాడు. అతను పరిహాసానికి అడగలేదు. మా నర్సమ్మ గదిలో నుంచి బయటికి పరుగెత్తింది. మేడం కూడా ఫ్యాను వైపు చూస్తూ కాసేపు పెదవి కొరుక్కున్నారు.

ఆ ఆదివారం ఆమె తండ్రి వచ్చాడట, బిడ్డను తీసుకుపోవడానికి కాదు, అల్లుణ్ని నాలుగు తిట్టి పోవడానికి. తిట్టి, కోడి కూర తిని పోయాడు.

నా శిక్ష నాకు వేరే ఉంది. అంతకుముందు నెలల్లో రిపోర్టు బాగా రానివాళ్లందరికీ ఫోన్ చేసి, ఆ గడిలో వేయాల్సిన అసలు అంకె కనుక్కోమన్నారు మేడం. వారం రోజులు అదే పని. ఒకాయన పెళ్లిలో పప్పు వడ్డిస్తున్నాను, మళ్ల చేయండి అన్నాడు. ఒకాయన అదే పొద్దున్నే సార్ అని చెప్పి నాకంటే ముందు తనే ఫోన్ పెట్టేశాడు. ఇంకొకాయన, "గ్యాప్ ఏంది సార్, నేను రెండేండ్లకు మస్కట్ నుంచి ఆ పొద్దుగాలనే దిగిన" అన్నాడు. మళ్లీ పిలిచి పరీక్ష చేస్తే వాళ్లలో నలుగురైదుగురి రిపోర్టులు మారిపోయాయి. అందరివీ మారలేదు. నిజంగానే లోపం ఉన్నవాళ్లున్నారు, ఎన్ని అలవాట్లు మార్చుకున్నా వైద్యం తప్పనివాళ్లున్నారు. కానీ వాళ్లకైనా నిజమైన అంకెతో మొదలుపెట్టిన వైద్యం అందాలి కదా. మేడం హాలు పక్కన ఒక చిన్న గదిని ఖాళీ చేయించి, తలుపు బిగించి, ఇక అక్కడే అడగమన్నారు. తలుపు మూస్తే మగవాళ్లు ఎంత మాట్లాడతారో నాకు అప్పుడు తెలిసింది. నిద్ర లేదని, మందు మానలేకపోతున్నామని, ఇంట్లో వాళ్లకు ముఖం చూపించలేకపోతున్నామని చెప్పేవారు. అడగకపోవడం మర్యాద అనుకుని ఇన్నేళ్లు నేను వాళ్లను ఒంటరిగా వదిలేశాను.

మూడు నెలల తర్వాత డ్రైవర్ వచ్చాడు. గుండు మీద జుట్టు ఒత్తుగా పెరిగింది, పళ్ల మీద గుట్కా గార తగ్గింది, వదులు పైజామా. తలుపు మూసి, ఫారం తీసి, ఎన్ని రోజులైంది తమ్మీ అని అడిగాను. రెండు రోజులు సారూ అన్నాడు, తలెత్తి. అప్పుడు ఆ ఖాళీ గడిలో రెండు వేశాను. మైక్రోస్కోపులో చూశాక ముందు నర్సమ్మను పిలిచి చూపించాను, ఆమెకు అక్కర్లేకపోయినా. ఎటు చూసినా పరుగులే. కాగితం మాత్రం అతని చేతికివ్వలేదు. మేడం దగ్గరికే పంపాను.

ఆ తర్వాత మరో మూడు నెలలు. ఒక బుధవారం డ్రైవర్ భార్య ఒంటరిగా వచ్చి, నెల తప్పి పది రోజులైంది సారూ, ఎవలకు చెప్పలే అంది. రక్తపరీక్ష నేనే చేశాను. అంకె చూసి, మిషన్ మీద నమ్మకం లేక ఇంకోసారి చేశాను. ఈసారి నియమం ప్రకారమే మేడం చెప్పాలి, మేడమే చెప్పారు. ఆమె గదిలో నుంచి బయటికి వచ్చి నేరుగా నా దగ్గరికొచ్చి, ఆయన లోడు మీద ఉన్నడు, మీరే ఫోన్ కలుపుండ్రి, నా చేతులు ఆగుతలేవు అంది. కలిపి స్పీకర్ పెట్టాను.

బండి పక్కకు ఆపమంది. ఆపినట్టు శబ్దం ఆగింది.

"నన్ను మా అవ్వగారింటికి పంపుతన్నవ్ గదా" అంది. "ఇగ పంపాలంటె ఇద్దరిని పంపాలె నువ్వు."

జవాబుగా అవతల డీసీఎం హారన్ మోగింది. ఒకసారి నొక్కి వదిలింది కాదు, నొక్కి పట్టుకున్నది. ఆ రోడ్డు మీద వెనకాల వచ్చే బండ్లు కూడా ఏమైందోనని హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. హాల్లో కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. మేడం తలుపు తీసి, ఏమిటా మోత అని అడిగారు. నేను ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాను.